కిన్నెరకు ఏ మైక్రోఫోను?

(ప్రసంగ పాఠము)

వీణ యనగానే మన చెవిలో ఒక నాదము మెదలును. వేణువు, వయొలిన్, మృదంగము మొదలగు వాద్యముల విషయమును అంతే. వీనిని మనము కచేరీలలో వినియున్నాము, పెండ్లిపందిళ్ళలో వినియున్నాము, రేడియోలో అనుదినము వినుచున్నాము. అందుచేత రికార్డులో నాదము కొంత మారినను మన జ్ఞాపకమే దానిని సరిదిద్దుకొనును. వీణ గొంతు మూగవోయినట్లు వినబడినచో "మైకు బాగుగా లేదు" అని అందుము గాని, "వీణయే ఇట్టిది" అని అనము.

కిన్నెర విషయము అట్లు కాదు. మా శ్రోతలలో చాలమంది కిన్నెరను ఎదుట కూర్చుండి విని యుండరు. మా స్టూడియో నుండి ఏ నాదము వెడలునో అదియే వారికి కిన్నెర. మేము దానిని ఇనుప తీగ మోతగా పంపినచో కిన్నెర యనగా ఇనుప తీగ మోత యగును. బుర్రలోని గుమ్మనెడి ధ్వనిగా పంపినచో అదియే కిన్నెర యగును. పోల్చి చూచుకొనుటకు వారియొద్ద మరియొక కొలత లేదు. రేపు ఆ వాద్యమును వాయించువారు మరింత అరుదైనప్పుడు, ఈ రికార్డును విని నేర్చుకొనువారికి గూడ ఇదియే ప్రమాణ మగును. కావున కిన్నెర ముందు ఏ మైక్రోఫోను పెట్టవలెను, ఎంత దూరమున పెట్టవలెను అను ప్రశ్న కేవలము ఇంజనీర్ల గదికి సంబంధించినది కాదు. రేడియో గల ప్రతి గృహస్థునకును అందులో పాలు కలదు.

ముందుగా ఈ వాద్యమును గూర్చి కొంత చెప్పవలెను. కిన్నెర పేరు చాల పాతది. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన "సంగీత రత్నాకరము"లో కిన్నరీ వీణ వర్ణింపబడినది. పాల్కురికి సోమనాథుని "బసవపురాణము"లో కిన్నెర బ్రహ్మయ్య యను శివభక్తుని కథ కలదు. ఆ శాస్త్రగ్రంథములోని కిన్నరియు, నేడు పాలమూరు పల్లెలలో వినబడు కిన్నెరయు అచ్చముగా ఒక్కటే యని మేము అనబోము. కాని వెదురు దండి, దాని క్రింద బుర్రలు, దానిపై మెట్లు అను పొందికను చూచినచో వాని చుట్టరికము తెలియకపోదు.

దండి వెదురుది. ఎండబెట్టి, లోపలి గుజ్జు తీసిన సొరకాయ బుర్రలు రెండో మూడో దాని క్రింద కట్టబడి యుండును. దండిపై మెట్లను తేనెమైనముతో నిలుపుదురు. పూర్వము మెట్లకు అలుగు పొలుసులను, తంత్రులకు వెండ్రుకలను, జంతువుల నరములను వాడెడివారని చెప్పుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అలుగు రక్షింపబడిన జంతువు గనుక నేడు ఆ పొలుసుల ప్రసక్తి లేదు. తంత్రుల స్థానమున లోహపు తీగలు వచ్చినవి. ఈ ఒక్క మార్పే నాదములో ఎంతో భేదము తెచ్చినది. నరము మెత్తగా పలుకును. లోహము మెరపుతో పలుకును. మైకును ఎన్నుకొనునప్పుడు ఈ మెరపును ఎంతవరకు రానీయవలెనన్నదే మొదటి చిక్కు.

ఈ వాద్యమును తరతరములుగా కాపాడినవారు డక్కలి కళాకారులు. నల్లమల ప్రాంతపు చెంచులలోను కిన్నెర కలదు. డక్కలివారు ఊరూర తిరిగి జాంబపురాణము చెప్పుదురు. పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడుదురు. సంఘము వారిని దూరముగా నుంచినది. వారు మాత్రము ఆ సంఘపు కథలను దగ్గర పెట్టుకొని పాడుచు వచ్చిరి. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారు 12 మెట్ల కిన్నెరను వాయించుటలో పేరు గాంచిరి. 2022లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించుటతో పట్టణవాసులు పలువురు కిన్నెర యను మాటనే మొదటిసారి వినిరి. పేరు తెలిసినది; నాదము తెలియవలసి యున్నది.

ఇక రికార్డింగులోని కష్టములు మూడు. మొదటిది, కిన్నెర గొంతు చిన్నది. వాకిట కూర్చుండి పదిమందికి వినిపించుటకు చాలినంత ధ్వనియే గాని, సభాభవనమును నింపు ధ్వని కాదు. రెండవది, నాదము ఒక్క చోటి నుండి రాదు. తీగ మీటిన చోట ఒక ధ్వని, మెట్ల వద్ద ఒక ధ్వని, ఒక్కొక్క బుర్ర వద్ద ఒక్కొక్క ధ్వని. ఇవి అన్నియు గాలిలో కొంత దూరము ప్రయాణము చేసి కలసిన పిమ్మటనే కిన్నెర యగును. మూడవది అన్నిటికంటె పెద్దది. కిన్నెర వాయించువాడే పాడును. అతని నోరు బుర్రకు రెండు జానల ఎత్తుననే యుండును. ఆ కంఠము పొలముగట్టు మీది నుండి ఊరికి వినిపించు కంఠము. చిన్న గొంతు గల వాద్యమును, పెద్ద గొంతు గల మనుష్యుని ఒకే చోట కూర్చుండబెట్టి రెండును సరిగా వినిపింపవలెను.

మైక్రోఫోనును చెవితో పోల్చుదురు. ఈ పోలిక సగమే నిజము. మన చెవులు రెండు; వాని వెనుక మనస్సు కలదు. సభలో కూర్చున్న మనము ప్రక్కవాని దగ్గును విడిచి గాయకుని పాటను వినగలము. మైకునకు ఆ నేర్పు లేదు. తన యెదుటికి వచ్చిన గాలి కదలికను అది యథాతథముగా విద్యుత్తుగా మార్చును. విడువవలసినది ఏది, వినవలసినది ఏది అన్న నిర్ణయమును మైకు జాతిని ఎన్నుకొనుటలోను, దానిని ఉంచు చోటును ఎన్నుకొనుటలోను మనమే ముందుగా చేయవలెను.

మా స్టూడియోలలో వాడుకలో నున్న మైకులు ముఖ్యముగా మూడు జాతులవి. డైనమిక్ మైకులో పలుచని పొరకు ఒక చిన్న తీగచుట్ట అతికియుండును; ధ్వని తగిలినప్పుడు అది అయస్కాంతము నడుమ కదలి విద్యుత్తును పుట్టించును. ఇది మొండి సరుకు. క్రింద పడినను, వానలో తడిసినను సులభముగా చెడదు. కాని తీగచుట్ట బరువు వలన మిక్కిలి సూక్ష్మమైన కదలికలను అందుకొనుటలో కొంత మందము. కండెన్సరు మైకులో తీగచుట్ట లేదు; పలుచని పొర ఒక లోహఫలకము ఎదుట కదలుచుండును. 1916లో అమెరికాలో వెంట్ అను శాస్త్రజ్ఞుడు దీనిని నిర్మించెను. గోరు తీగకు తగిలిన చప్పుడు మొదలుకొని దీనికి వినబడనిది లేదు. దీనికి విద్యుత్తు సరఫరా కావలెను. నేడు ప్రపంచమంతట వాడుచున్న 48 వోల్టుల పద్ధతికి రేడియోతో ఒక చుట్టరికము కలదు. 1966లో నార్వే రేడియోవారి కొరకు జర్మనీలోని నాయ్‌మన్ సంస్థ కొత్త మైకులను తయారు చేసినప్పుడు, ఆ రేడియో భవనములో అత్యవసర దీపముల కొరకు 48 వోల్టుల సరఫరా ముందే యుండెను. అదియే మైకులకును వాడుకలోనికి వచ్చినది.

మూడవది రిబ్బను మైకు. 1920లలో జర్మనీలో షాట్కీ, గెర్లాఖ్ అను ఇద్దరు దీనికి రూపకల్పన చేసిరి. 1934 నుండి బి.బి.సి. స్టూడియోలలో ఈ జాతి మైకులు పేరు గాంచినవి. వెండ్రుక మందములో ముప్పదవ వంతు గూడ లేని లోహపు పట్టీ అయస్కాంతముల నడుమ వ్రేలాడుచుండును. గట్టిగా ఊదినచో చాలును, అది సాగిపోవును. కాని దీని స్వభావము మృదువు. లోహపు తీగల కరకుదనమును అది సహజముగనే తగ్గించును. దీనికి మరియొక గుణము కలదు. ఇది ఎదుటి నుండియు, వెనుక నుండియు వచ్చు ధ్వనిని సమానముగా గ్రహించి, ప్రక్కల నుండి వచ్చుదానిని దాదాపు పూర్తిగా విడిచిపెట్టును. దాని వినికిడిని కాగితముపై గీసినచో 8 అంకె వలె నుండును. తక్కిన జాతులలో కొన్ని అన్ని దిక్కుల నుండియు వినును. కొన్ని ఎదుటి నుండి ఎక్కువగాను, వెనుక నుండి తక్కువగాను వినును.

ఈ విషయములను దృష్టిలో నుంచుకొని మా స్టూడియోలో ఒక వృద్ధ కళాకారుని పాటను నాలుగు విధములుగా రికార్డు చేసి చూచితిమి. నాలుగు మైకులను ఒకేసారి అమర్చి, ఆయనను ఒక్కసారియే పాడుమని కోరితిమి. మైకునకు ఒక్కొక్కసారి చొప్పున పాడించినచో పాటయే మారును. అప్పుడు భేదము మైకుదో మనిషిదో తెలియదు. పెద్దవయస్సు వానిని శ్రమ పెట్టుటయు న్యాయము కాదు. పాట ముగిసిన పిమ్మట నాలుగింటిని ఆయనకే వినిపించితిమి.

మొదటిది డైనమిక్ మైకు; పెద్ద బుర్రకు 10 సెంటీమీటర్ల దూరమున ఉంచినాము. లెక్క చూడుడు. నోరు బుర్రకు 45 సెంటీమీటర్ల ఎత్తున నున్నది. అనగా మైకునకు బుర్ర 10 సెంటీమీటర్ల దూరము, నోరు 46 సెంటీమీటర్ల దూరము. దూరము రెట్టింపైన కొలది ధ్వని 6 డెసిబెల్‌లు తగ్గుననునది సూత్రము. ఈ లెక్కన కంఠమునకంటె కిన్నెరకు సుమారు 13 డెసిబెల్‌ల మేలు చేకూరినది. కంఠము నణగియున్నది, కిన్నెర ముందుకు వచ్చినది. కాని ఏ కిన్నెర? ఆ ఒక్క బుర్ర మాత్రమే. పైగా ఎదుటి దిక్కును ప్రత్యేకముగా వినెడి మైకును దగ్గరగా ఉంచినచో మంద్రస్థాయి స్వరములు ఉబ్బిపోవును. పెద్దాయన విని నవ్వి, "గొంతు యాడనో బాయిల ఉన్నట్టున్నది సారూ" అనెను. జాతరలో, గాలిలో, జనసమ్మర్దములో రికార్డు చేయవలసి వచ్చినప్పుడు ఈ పద్ధతియే శరణ్యము; స్టూడియోలో కాదు.

రెండవది కండెన్సరు మైకు. ఎదుటి దిక్కును వినునట్టిది. దానిని మెట్లకు ఎదురుగా 40 సెంటీమీటర్ల దూరమున ఉంచినాము. స్పష్టతలో దీనికి సాటి లేదు. ప్రతి మీటు విడివిడిగా వినబడినది. వ్రేలు ఒక మెట్టు నుండి మరియొక మెట్టునకు జరుగు జాడ తెలిసినది. మాలో చిన్నవారికి ఇది మిక్కిలి నచ్చినది. పెద్దాయన మాత్రము కనుబొమలు ముడిచి, "గోర్లు వినవడుతున్నయి సారూ, కిన్నెర వినవడ్తలేదు" అనెను. ఆ మాటలో శాస్త్రము కలదు. మీటినప్పటి చప్పుడునకు తీగ దగ్గరనే బలము. బుర్రల నాదము గాలిలో కలియుటకు ఆ మాత్రపు దూరము చాలదు. సాధారణముగా వాద్యము ఎంత పొడవున్నదో కనీసము అంత దూరమైన మైకు ఉన్నప్పుడే దాని అన్ని భాగములును కలసి ఒక్క వాద్యముగా వినబడును.

మూడవది రిబ్బను మైకు. దీనిని అమర్చుటలో కొంత కొలత గలదు. మైకు బుర్రకు ఎదురుగా 30 సెంటీమీటర్ల దూరమున, బుర్ర ఎత్తుననే నిలిచినది. అక్కడి నుండి చూచినచో గాయకుని నోరు సుమారు 56 డిగ్రీల ఏటవాలున పైకి నుండును. ఈ మైకు ముఖమును 34 డిగ్రీలు క్రిందికి వంచినచో నోరు సరిగా దాని ప్రక్కకు, అనగా 90 డిగ్రీల కోణమునకు వచ్చును. ఆ దిక్కున దానికి చెవుడు. బుర్ర మైకు ముఖమునకు కొంచెము ప్రక్కకు జరిగినను, అందువలన కలుగు నష్టము 2 డెసిబెల్‌ల లోపే. ఇట్లు అమర్చిన మైకులో కంఠము దూరపు గదిలోనిదివలె సన్నగిలినది. కిన్నెర నిండుగా, మెత్తగా పలికినది. గోడల నుండి మరలి వచ్చిన కంఠధ్వని మాత్రము కొంత మిగిలినది; అది ఏ కోణమునకును లొంగదు. పెద్దాయన ముఖము వికసించినది. "ఇగ కిన్నెర నాదే" అనెను. మరల క్షణము ఆగి, "గని పాట యాడ పాయె?" అని అడిగెను.

నాలుగవది అన్ని దిక్కుల ధ్వనిని గ్రహించు కండెన్సరు మైకు. గాయకునకు 1 మీటరు దూరమున, నోటికిని బుర్రకును నడిమి ఎత్తున ఉంచినాము. ఈ దూరమున నోరును బుర్రయు మైకునకు సమానమైన ఎడముననే యుండును. అనగా ఈ మైకు ఎవరి పక్షమును వహింపదు. పాడువాడు తన కంఠమునకును తన వ్రేళ్ళకును ఏ పాళ్ళలో పొత్తు కుదిర్చెనో ఆ పాళ్ళలోనే అది గ్రహించును. దగ్గర పెట్టినందువలన మంద్రము ఉబ్బెడి దోషము గూడ ఈ జాతికి లేదు. అయితే గదిలోని మంచిచెడ్డలు అన్నియు ఇందులోనికి వచ్చును. దీనిని వినుచున్నప్పుడు పెద్దాయన ఏమియు అనలేదు. చేయి మోకాలిపై తాళము వేయుచుండెను.

ఇక్కడ మాలో మాకు ఒక వాదము బయలుదేరినది. రిబ్బను మైకులో కిన్నెర విడిగా దొరకినది. కంఠమునకు వేరొక మైకు పెట్టి, రెంటిని మా యిష్టము వచ్చిన పాళ్ళలో కలుపుకొనవచ్చును గదా అని ఒకరి మతము. నాలుగవ రికార్డులో పాట తారస్థాయి నందుకొన్నప్పుడెల్ల కిన్నెర మరుగున పడిపోవుచున్నది. శ్రోతకు కిన్నెర వినిపించుటయే మన లక్ష్యమైనప్పుడు దానిని మరుగున పడనిచ్చుట యెట్లని వారి ప్రశ్న. ప్రశ్న సమంజసమైనదే. దీనికి సమాధానము మా గ్రంథములలో లేదు. పెద్దాయననే అడిగితిమి.

"పాట పెద్దగైనప్పుడు కిన్నెర దాగాలె సారూ" అని ఆయన చెప్పెను. "మల్ల పాట తగ్గంగ మెల్లగ బయటికి రావాలె. ఎప్పటికీ కనవడితే అది కిన్నెరెట్లయితది? గదే దాని ఆట."

ఈ మాటతో చిక్కు విడిపోయినది. మేము లోపమని భావించినది ఆ కళలోని మర్యాద. కంఠము కథ చెప్పును. కథ ఊపిరి తీసికొను చోట కిన్నెర మాటాడును. కలుపు బల్ల మీది మీటను మేము పైకి త్రోసి, కిన్నెరను పాట పొడుగునను సమానముగా వినిపించినచో, శ్రోతలకు కిన్నెర యెక్కువగా వినబడును గాని, వాయించువాని నేర్పు వినబడదు. ఏ మైకు మంచిదన్న ప్రశ్నకు సమాధానము మైకులో లేదు. దేనిని భద్రపరచుటకు పూనుకొన్నామో దానిలో నున్నది.

కావున మేము చేసిన ఏర్పాటిది. నాలుగవ మైకు రికార్డు, అనగా ఒక్క మైకు ఒక్క చోట నుండి విన్న పాట, మూల ప్రతి. దానిపై ఏ మెరుగులును దిద్దక, ఎట్లు వచ్చినదో అట్లే భద్రపరచవలెను. రిబ్బను మైకు రికార్డును విడిగా దాచవలెను. అది వినుటకు కాదు, నేర్చుకొనుటకు. కిన్నెర పట్టదలచిన యువకునకు వ్రేలు ఎక్కడ పడినది, ఏ మెట్టు తరువాత ఏ మెట్టు అన్నది అందులో తెలియును. ఒకటి పాటకు సాక్ష్యము. మరియొకటి చేతికి పాఠము. ఈ రెంటిని కలిపి ఒకటిగా చేసి, మూలములను పారవేయుట మాత్రము కూడదు. కలిపినదానిని మరల విడదీయుట అసాధ్యము.

మరి ఇంత సూక్ష్మమంతయు మా ఇంటి రేడియోలో వినబడునా అని మీరు అడుగవచ్చును. కొంత వినబడదు. మన దేశమున మీడియంవేవ్ కేంద్రములకు 9 కిలోహెర్ట్జుల ఎడము చొప్పున స్థానములు కేటాయింపబడినవి. అందులో ధ్వనికి మిగులునది ఇంచుమించు 4500 హెర్ట్జుల వరకే. లోహపు తీగల మెరపులో పైభాగము అక్కడనే ఆగిపోవును. ఎఫ్.ఎం. ప్రసారములో 15,000 హెర్ట్జుల వరకు వచ్చును గనుక చాలవరకు దక్కును. కాని కంఠమునకును కిన్నెరకును గల పొత్తు, అనగా దాగుట, బయటపడుట, ఏ ప్రసారములోనైనను చెడదు. అది పాత రేడియోలోను వినబడును. మైకు ముందే దానిని చెడగొట్టినచో మాత్రము ఎంత ఖరీదైన రేడియోయు దానిని తిరిగి తేలేదు.

ఇంకొక చిన్న విషయము. ఆ వృద్ధుని కిన్నెర కొనను ఒక చెక్క పిట్ట కలదు. తీగ మీటినప్పుడెల్ల ఆ కదలికకు పిట్ట తల ఊపుచు టక్కుమని చప్పుడు చేయును. దండికి కట్టిన గజ్జెలు రెండు గలగలలాడును. సున్నితమైన మైకులో ఇవి స్పష్టముగా వినబడినవి. పిట్టకు దూది చుట్టినచో చప్పుడు ఆగునని మా మిత్రులొకరు సూచించిరి. "పిట్ట గూడ తాళమే సారూ, దానికి గుడ్డ గట్టిన్నాడు నేను తప్పుతా" అని పెద్దాయన అనెను. దూది తెచ్చినవారు దానిని తిరిగి తీసికొనిపోయిరి. వాద్యము ఎక్కడ ముగియును, చప్పుడు ఎక్కడ మొదలగును అన్న హద్దును గీయవలసినది మేము కాము. స్టూడియోలోని ఎయిర్ కండిషనరు మోత, కుర్చీ కిర్రుమనుట, మా గడియారపు టిక్కుటిక్కు, ఇవి మా చప్పుళ్ళు; వీనిని ఆపవలసినది మేము.

గదిని గూర్చియు ఒక మాట. నేలపై కూర్చుండి పాడువాని ధ్వని మైకునకు నేరుగా ఒక దారిని, నేలకు తగిలి మరియొక దారిని చేరును. మా అమరికలో బుర్ర నేలకు 30 సెంటీమీటర్లు, మైకు సుమారు 52 సెంటీమీటర్లు ఎత్తున నున్నవి. రెండు దారుల పొడవులకు భేదము సుమారు 27 సెంటీమీటర్లు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పరుగెత్తును గనుక, 600 హెర్ట్జులకు కొంచెము పైనున్న స్వరముల వద్ద ఈ రెండు ధ్వనులును ఒకదానినొకటి త్రోసివేయును. నాదము బోలుగా వినబడును. దీనికి మందు రెండు విధములు. మందమైన తివాచీ పరచుట ఒకటి. మైకును నాలుగు వ్రేళ్ళు పైకి, నాలుగు వ్రేళ్ళు క్రిందికి జరుపుచు, చెవితో విని తగిన చోటు నిర్ణయించుట మరియొకటి. రెండవదానికి ఖర్చు లేదు, ఓపిక కావలెను.

ఈ ప్రసంగమును మీ ఇండ్లకు సంబంధించిన మాటతో ముగింతుము. నేడు దాదాపు ప్రతి ఇంటను మొబైల్ ఫోను కలదు. దానిలోని మైకు కండెన్సరు జాతికి చెందిన బుల్లి పరికరము, తక్కువది కాదు. మీ ఊరికి కిన్నెర పాడువారో, బుర్రకథ చెప్పువారో, శారదకాండ్రో వచ్చినప్పుడు, లేదా మీ ఇంటి పెద్దలు పాత పాట ఏదైన జ్ఞాపకము చేసికొన్నప్పుడు, మీరును రికార్డు చేయవచ్చును. ముందు వారి అనుమతి అడుగుడు. పాటతో పొట్ట పోసికొనువారైనచో తగిన సంభావన నిచ్చి అడుగుడు. ఫోనును నోటి దగ్గర పెట్టవలదు, బల్లపై పడవేయవలదు. పాడువారికి బారెడు దూరమున, నోటికిని వాద్యమునకును నడిమి ఎత్తున, మెత్తని గుడ్డపై నిలుపుడు. పంకా ఆపుడు. టెలివిజను కట్టుడు. పాట నడుమ "ఆహా" అనకుడు. ముగిసిన తరువాత ఎన్నిసారులైనను అనవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి మిగిలినది. పాట మొదలగుటకు ముందు పాడువారి నోటనే వారి పేరు, ఊరు, ఆ పాటను ఎవరివద్ద నేర్చిరో చెప్పించి, ఆనాటి తేదీని మీరు పలుకుడు. ఎంత గొప్ప మైకుతో తీసిన రికార్డైనను పేరు లేనిచో నలువది ఏండ్ల తరువాత అది ఎవరిదో చెప్పువారుండరు. పేరుతో కూడిన రికార్డు, నాదము కొంత తక్కువైనను, ఒక మనిషికిని అతని గురువునకును చెందిన ఆస్తిగా నిలుచును. కిన్నెర పాడువారి పేర్లను వ్రాసియుంచినవారు ఇంతవరకు మిక్కిలి తక్కువ. ఆ పనికి 48 వోల్టులు గూడ అక్కరలేదు.